పెట్టెలో ఆట, ఖాతాలో ఆట

వీడియో గేమ్ అనగానే పెద్దలు ‘కళ్ళు పాడవుతాయి’ అంటారు. పిల్లలు ‘ఇంకో పది నిమిషాలే’ అంటారు. ఈ రెండు మాటల మధ్య మనం అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటి ఉంది. డబ్బు పెట్టి కొన్న ఆట నిజంగా మనదేనా? మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారే మనలాంటి కుటుంబాలు ఈ ప్రశ్నను తప్పక అడగాలి.

ఆటల కోసమే తయారయ్యే యంత్రాన్ని కన్సోల్ అంటాం. నేడు ఈ వ్యాపారంలో పెద్దలు ముగ్గురు. 1889లో క్యోటోలో పేకముక్కలు చేస్తూ మొదలైన నింటెండో, 1994లో ప్లేస్టేషన్ తెచ్చిన సోనీ, 2001లో ఎక్స్‌బాక్స్‌తో దిగిన మైక్రోసాఫ్ట్. ‘ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు’ అని మన సామెత. వీళ్ళ వ్యాపారం సరిగ్గా అక్కడే ఉంది. ఏనుగును చవగ్గా ఇచ్చి అంకుశం దగ్గర లాభం తీస్తారు. యంత్రాన్ని ఒక్కోసారి నష్టానికైనా అమ్మి, ఆ తరువాత అమ్ముడయ్యే ప్రతి ఆటలోనూ వాటా తీసుకుంటారు. లెక్క తప్పినవాళ్ళు తప్పుకోవలసిందే. ఒకప్పుడు నింటెండోతో ఢీ అంటే ఢీ అన్న సెగా 2001లో యంత్రాల తయారీ మానేసింది. దాని సోనిక్ ఇప్పుడు పాత ప్రత్యర్థి యంత్రాల మీదే పరుగెడుతున్నాడు.

కొత్త కొనుగోలుదారుల కోసం సాగే ఈ వెతుకులాట మనవాళ్ళకూ పని ఇచ్చింది. ప్లేస్టేషన్ 2 పాతబడుతున్న రోజుల్లో సోనీ మన దేశం వైపు చూసింది. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ఆ యంత్రం కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. అదే ఏడాది హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర, కబడ్డీలాంటి మన వీధి ఆటలతో ‘దేశీ అడ్డా’ చేసింది.

పోటీ వల్ల ఆటగాడికి కలిగిన మేలుకు మంచి ఉదాహరణ 2013లో దొరుకుతుంది. కొత్త ఎక్స్‌బాక్స్ రోజుకొకసారైనా ఇంటర్నెట్‌కు కలవాలని, డిస్క్‌ను ఇంకొకరికి ఇవ్వడానికి షరతులుంటాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. వెంటనే సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. ‘మా దగ్గర ఆటను ఎలా పంచుకోవాలంటే’ అని మొదలుపెట్టి, ఒకాయన డిస్క్ తీసి పక్కాయన చేతిలో పెడతాడు. అంతే వీడియో! జనం నవ్వారు. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఆ షరతులు వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు గాలి మళ్ళీ మారింది. నెలనెలా చందా కట్టి ఆడుకునే గేమ్ పాస్‌ను మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చింది. 2023లో సుమారు 6,900 కోట్ల డాలర్లకు ఆక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనేసింది. 2024లో తన ఆటలు కొన్నిటిని ప్రత్యర్థుల యంత్రాలకూ ఇచ్చింది. సోనీ అదే ఏడాది తెచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్క్ పెట్టే చోటే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కార్డులు కొన్నిటిలో ఆట ఉండదు, దాన్ని దించుకునే తాళంచెవి మాత్రమే ఉంటుంది. దారులు వేరైనా, ముగ్గురూ ఆటను పెట్టెలోంచి ఖాతాలోకి మారుస్తున్నారు.

ఇది మనకోసమే చేసినట్టు కనిపిస్తుంది. సామాను తగ్గుతుంది, లారీలో డిస్కులు పగలవు, ఏ ఊళ్ళోనైనా ఖాతా తెరిస్తే ఆట సిద్ధం. ఈ సౌకర్యాన్ని మేమూ కాదనం. కానీ దుకాణం వాళ్ళది, తాళం వాళ్ళది. 2023 మార్చిలో నింటెండో తన పాత యంత్రాలు రెండింటికి ఆన్‌లైన్ అమ్మకాలు ఆపేసింది. చందా ఆగిన రోజున ఆ చందాతో వచ్చిన ఆటలూ ఆగిపోతాయి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. మనం ఉంటున్న ఈ దిండోలి, లింబాయత్ వైపు మరమగ్గాల పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఆ పిల్లలకు చిన్ననాటి నేస్తం పెద్దయ్యాక కూడా అదే వీధిలో దొరుకుతాడు. మనం ప్రతి ఊళ్ళోనూ నేస్తాన్ని కొత్తగా సంపాదించుకోవాలి. సగం ఏడాదిలో, భాష తెలియని తరగతిలో చేరిన పిల్లవాడికి ‘నా దగ్గర ఒక డిస్క్ ఉంది, రెండు రోజులు తీసుకుంటావా?’ అన్న మాటకు మించిన పరిచయం లేదు. తిరిగిచ్చే నెపంతోనైనా ఆ నేస్తం మన గుమ్మం తొక్కుతాడు. ఖాతాలోని ఆటను అలా చేతిలో పెట్టి ఇవ్వలేం. వెళ్ళిపోయే రోజున గుర్తుగా వదిలి రాలేం.

అందుకే పిల్లలూ, ఈసారి పుట్టినరోజుకు ఆట అడిగేముందు నాన్నగారితో కలిసి ఈ విషయాలు చూడండి. ఇది అరువివ్వగలమా? ఇంటర్నెట్ పెట్టించుకోని కొత్త క్వార్టర్‌లో నడుస్తుందా? ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడవచ్చా? 2013లో అంత పెద్ద కంపెనీ వెనక్కి తగ్గింది కొనేవాళ్ళు ప్రశ్నించినందుకే. ధర కొంచెం ఎక్కువైనా, పంచుకోగలిగిన ఆటనే కొనండి. రెండో కంట్రోలర్ కూడా కొనమనండి. దాన్ని పట్టుకోవడానికి ఎవరో ఒకరిని మీరే వెతుక్కుంటారు.