ఏ నియమము ముందు?

గుమాస్తా చేయవలసిన పనులలో పెక్కింటిని నేడు వర్తకశాలలలో కంప్యూటరే చేయుచున్నది. ఆర్డరు నమోదు కాగానే, "ఇట్లున్నచో ఇట్లు చేయుము" అని ముందుగా వ్రాసియుంచిన నియమములు తమంతట తామే నడచును. మనుష్యుడు మరచినను అవి మరువవు. ఇది మెచ్చదగినదే. కాని రెండు నియమము లొకే ఆర్డరుపై పనిచేయునపుడు ఏది ముందని యడుగువారు తక్కువ. ఆ వరుసను మనుష్యుడే నిర్ణయింపవలయునని నా యభిప్రాయము.

ఒక దుకాణమున రెండు నియమములు గలవనుకొందము. పాత ఖాతాదారునకు నూటికి 10 వంతున ధర తగ్గింపవలెననునది యొకటి. మొత్తము 1,000 రూపాయలకు తక్కువ కానిచో రవాణా కూలి తీసికొనరాదనునది మరియొకటి. పాత ఖాతాదారుడొకడు సరిగా 1,000 రూపాయల సరకు కోరెను. తగ్గింపు ముందు నడచెనా, మొత్తము 900 అగును, కూలి యిచ్చుకొనవలసినదే. కూలి నియమము ముందు నడచెనా, రెండు లాభములును ఆతనివే. విడివిడిగా పరీక్షించినచో రెండును నిర్దోషముగా నడచును గనుక ఇట్టి లోపము పట్టువడుట కష్టము. మాట పడునది మాత్రము బల్లకడ కూర్చుండిన గుమాస్తా!

1999లో అమెరికాలో స్థాపితమై, నేడు హైదరాబాదునందును కార్యాలయముగల సేల్స్‌ఫోర్స్ సంస్థవారి సాఫ్టువేరునందు, "వర్క్‌ఫ్లో రూల్సు" అను పూర్వపు నియమములలో ఏది ముందు నడచునో హామీ లేకుండెను. తరువాత వచ్చిన "ఫ్లో"లకు 2022లో వరుససంఖ్య నిచ్చు నేర్పాటు జరిగెను. ఒకే ఘట్టమున నడచువానిలో 1 మొదలు 1,000 వరకు సంఖ్యగలవి ముందు, సంఖ్య లేనివి నడుమ, 1,001 మొదలు 2,000 వరకు గలవి పిమ్మట నడచును.

సంఖ్యలు వేసితిమి గనుక ఇక చింతలేదనువారితో నేనేకీభవింపజాలను. సంఖ్య వరుసను తెలుపునే గాని కారణమును తెలుపదు. రేపు వచ్చిన క్రొత్త ఉద్యోగి కారణ మెరుగక మూడవ నియమమును నడుమ దూర్చిన మరల మొదటికే వచ్చును. ఒకదానిపై నొకటి యాధారపడిన తగ్గింపు, కూలి వంటివానిని ఒకే నియమముగా కలిపి, లోపల మెట్లుగా వ్రాయుట మేలు. ధన్యవాదముల లేఖ పంపుట వంటివి ఎప్పుడు నడచినను నష్టము లేదు. వానికి సంఖ్య యేల? ఇక విడిగా నుంచక తప్పనివానికి 1, 2, 3 అని గాక 10, 20, 30 అని వేసి, ఆ వరుస యేలనో ప్రక్కనే వ్రాసిపెట్టినచో, పిమ్మట వచ్చు నియమమునకు 15 ఖాళీగా నుండును.