కాలిన అడవికి కావలసింది కాపలా



ఏటా వేసవిలో నల్లమల కాలుతుంది. తొలకరి రాగానే కాలినచోట ఇన్ని వేల మొక్కలు నాటుతామని పేపర్లో ప్రకటన వస్తుంది. ఈ రెండు వార్తలూ ఏళ్ల తరబడి చదివి, అడవి అంచునే ఉంటున్నవాడిగా ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. కాలిన అడవిలో మొక్కలు నాటడం చాలాచోట్ల అనవసరం. కొన్నిచోట్ల అది చెరుపు కూడా.

పోయిన జూన్ చివర్లో, రెండు వానలు పడ్డాక, ఎండల్లో కాలిన ఒక జాగాకు గూడెం పెద్దాయనతో కలిసి వెళ్లాను. నేలమీద మసి ఇంకా పోలేదు. మోదుగ, చిరుమాను, తునికి మొదళ్లన్నీ బొగ్గుల్లా ఉన్నాయి. వంగి చూస్తే ఆ బొగ్గు పక్కనుంచే పిలకలు. తునికి చిగురు ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. పది అడుగుల అవతల యంత్రంతో తవ్విన గుంతల వరస, వాటిలో కానుగ మొక్కలు. ఒక గుంత గోడలో తెగిన మోదుగ వేరు తెల్లగా బయటపడి ఉంది. బతికున్న చెట్టు వేరు నరికి, అది చచ్చిపోయిందనుకుని దాని స్థానంలో ఇంకో మొక్క పెట్టామన్నమాట. సగం మొక్కలకు వేళ్ల చుట్టూ ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

మనది ఆకురాల్చే అడవి. జనవరి, ఫిబ్రవరిలో రాలిన ఆకు నేలంతా పరుచుకుంటుంది. అది అంటుకుంటే మంట మోకాటెత్తున నేలబారుగా పాకిపోతుంది. పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా ఎంత మందమో చూసినవారికి తెలుసు. 2024లో పాపికొండల అడవిలో ఆ చెట్టుకు గాటు పెడితే నీళ్లు ధారకట్టిన వీడియో రాష్ట్రమంతా చూసింది. లేత చెట్లు పైన కాలినా కింద వేరు బతికే ఉంటుంది. ఒక్కసారి వచ్చిన నిప్పుతో ఈ అడవి చావదు. వచ్చిన పిలక నిలదొక్కుకోకముందే మళ్లీ మరుసటేడు, ఆపై ఏడు నిప్పు పడితేనే చస్తుంది.

రెండో శత్రువు పులికంప. తలంబ్రాల మొక్క అంటారే, అదే. దక్షిణ అమెరికా నుంచి తెల్లవాళ్లు తోటల్లో అందానికి తెచ్చింది. ఎండాకాలంలో అంటుకుంటే నేలబారు మంటను కొమ్మలదాకా ఎక్కిస్తుంది. అంతా కాలాక అన్నిటికంటే ముందు తానే లేస్తుంది. దాని నీడన గడ్డి మొలవదు, గడ్డి లేనిచోట దుప్పి నిలవదు. "పోయినేడు ఈ కంప కోసినాం సారూ, కూలీ కూడా ఇచ్చినారు. మళ్లీ వచ్చింది" అన్నాడు పెద్దాయన. రాక ఏం చేస్తుంది? కోసింది పైనేగా. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ అడవిలో చేసి చూపిన పద్ధతి ఉంది. నేలకు ఒకటి రెండు అంగుళాల కింద, పిలక వేసే భాగం కిందికి తల్లివేరు నరికి, పొదను తలకిందులుగా పడేయాలి. గడ్డపార ఉంటే చాలు. తర్వాత రెండు మూడేళ్లు కొత్తగా మొలిచిన పిల్లకంపను పీకుతూ ఉండాలి. ఫొటోకు పనికిరాని పని ఈ రెండోదే.

అసలు నిప్పే పెట్టకూడదా అంటే, కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు వేరే మాట చెబుతారు. ఎండలు ముదరకముందే తాము పెట్టే చిన్న మంటలను ఆపించాకే కంప పెరిగిందంటారు. ఆ మాటలో నిజముందనే అనుకుంటాను. కానీ కంప ఇంత దట్టంగా అల్లుకున్నాక ఇప్పుడు చిన్న మంట చిన్నగా ఉండదు. ముందు కంప తీయాలి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. ప్రాజెక్టులకు పోయిన అడవికి బదులుగా జమైన కంపా నిధులున్నాయి. వాటి 2018 నిబంధనల్లో సహజంగా వచ్చే మొలకలను కాపాడటం, అగ్ని నివారణ రెండూ ఉన్నాయి. కంపా నిధులతో కంప పీకించడానికి అడ్డేమిటి? అడ్డల్లా లెక్కే. నాటిన మొక్కను లెక్కపెట్టవచ్చు, కాలకుండా మిగిలిన పిలకను ఎవరు లెక్కపెడతారు? క్వారీ తవ్వి వేరుతో సహా లేపేసిన నేలలో నాటండి, కాదనను.

ఉపగ్రహం మంటను చూసి ఫోనుకు కబురు పంపుతుంది, బాగుంది. పచ్చికొమ్మ పట్టుకుని ఆర్పడానికి మాత్రం మనిషే వెళ్లాలి. ఆ మనిషి ఈ అడవిలోనే బతికే చెంచు. ఫైర్ వాచర్‌గా అతణ్ని మంటలు లేచాక కాదు, జనవరిలోనే పనిలోకి తీసుకోవాలి. మంటను ఆపడానికి వేసే ఫైర్ లైన్లు ఆకు రాలకముందే కాక, రాలాక మరోసారి ఊడ్పించాలి. జీతం నెలనెలా ఇవ్వాలి. తునికాకు బాగా చిగురించాలని నిప్పు పెట్టేవారితో ముందే మాట్లాడాలి. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలానికి నడిచే భక్తులకు నాదొక మనవి: దారిలో వంట చేసుకుంటే పొయ్యిమీద నీళ్లు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చల్లబడిందో లేదో చూసి కదలండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నంద్యాల జిల్లా