పట్టం కట్టినవారే గాని కట్టుబాటు చేసినవారు లేరు



విజయనగరం ఎప్పుడు కూలింది అని అడిగితే చిన్నపిల్లవాడైనా 1565, రాక్షసి తంగడి యుద్ధం అంటాడు. మనమే అలా నేర్పాము. పెనుకొండవాడినైన నాకు ఈ మాట మింగుడుపడదు. ఆ యుద్ధం తరువాత రాజధాని మా ఊరికి వచ్చింది. ఆరవీటి వెంకటపతిరాయలు 1586 నుండి 1614 వరకు పాలించాడు. ఆయన కాలంలో పెనుకొండను ముట్టడించిన గోల్కొండ సేన రిక్తహస్తాలతో వెనుదిరిగింది. ఒక్కనాటి యుద్ధంలో చచ్చిన రాజ్యానికి ఇంత ఊపిరి ఎక్కడిది?

రాజ్యాన్ని లోపలినుండి తిన్న చెద వేరు. సింహాసనం ఎవరిదో తేల్చే కట్టుబాటు మనవారు ఏనాడూ చేసుకోలేదు. 1485లో సాళువ నరసింహుడు సంగమ వంశాన్ని తొలగించాడు. ఆయన తన పసిబిడ్డలను నరస నాయకుని చేతిలో పెట్టి 1491లో కన్నుమూస్తే, పట్టం కట్టుకొన్న ఇమ్మడి నరసింహుడు ఈ పెనుకొండలోనే బందీ వలె బ్రతికాడు. 1505లో అతడు హతుడయ్యాడు, తుళువ వంశం వచ్చింది. తరువాత సదాశివరాయలను ప్రక్కకు నెట్టి ఆరవీటివారు వచ్చారు. సంరక్షకుడే భక్షకుడు కావడం మనకు ఆనవాయితీ అయింది.

1614లో ఏమి జరిగినది చూడండి. వెంకటపతి తన అన్న కుమారుడు శ్రీరంగరాయలకు రాజ్యమిచ్చి మరణించాడు. ఆ శ్రీరంగనికి అప్పటికే చిక్కరాయలన్న బిరుదు ఉంది. అయితేనేమి? గొబ్బూరి జగ్గరాయడు తన సోదరి అయిన రాణి పెంచిన బాలుని పట్టానికి నిలిపి, శ్రీరంగని సకుటుంబంగా చంపించాడు. వెలుగోటి యాచమ నాయకుడు ఒక చాకలివాని సాయంతో ఒక్క కుమారుని మాత్రం బయటికి తప్పించగలిగాడని జెస్యూట్ మతాచార్యుడు బర్రాదాస్ 1616లో రాసిన లేఖ చెబుతుంది. తరువాత కావేరి ప్రాంతంలో తోపూరు వద్ద మధుర, జింజి నాయకులు ఒకవైపు, తంజావూరు నాయకుడు మరొకవైపు నిలిచి పోరాడారు. జగ్గరాయడు చచ్చాడు, యాచముడు గెలిచాడు. కానీ సామంతులకు రాజును తామే నిలపవచ్చునన్న రుచి తెలిసింది.

సరిగ్గా నాలుగేళ్ళ ముందు, 1610లో, ఫ్రాన్సు రాజు నాలుగవ హెన్రీని నడివీధిలో పొడిచి చంపారు. కొడుకు పదమూడవ లూయీకి ఎనిమిదేళ్ళు. ఆనాడే అతడు రాజయ్యాడు. తల్లి పేరిట పాలన సాగింది, ప్రభువులు తిరగబడ్డారు కూడా. అయినా వారి తగవు బాలుని పేర ఎవరు ఏలాలన్నదే, బాలుడు రాజా కాదా అన్నది కాదు. అక్కడ యువరాజ బిరుదు పుట్టుకతో వచ్చేది. ఇక్కడ రాజుగారి దయతో వచ్చి, ఆయన ఊపిరితోనే పోయేది.

జ్యేష్ఠుడికే రాజ్యమంటే అసమర్థుడు రాడా, అన్న తరువాత తమ్ముడు రావడం వల్లనే కదా 1509లో కృష్ణరాయలు దొరికాడు అని కొందరు పెద్దలు వాదిస్తారు. దొరికాడు, నిజమే. ఒక మహారాజు దొరికినందుకు ఎన్ని తరాలు నెత్తుటితో వెల కట్టాయో కూడా లెక్కించాలి గదా!

రాజులు పోయారు. శత్రువు మీద నెపం వేసి ఇంటి తప్పు దాచుకొనే అలవాటు మాత్రం పోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు. మనం ఇంట ఓడి, రచ్చలో ఓడామని పిల్లలకు చెబుతున్నాము. 1565తో పాటు 1614నూ చెప్పండి. అప్పుడే అది చరిత్ర.