రైట్ క్లిక్ మెనూలో ఏముండాలో మనమే డిసైడ్ చెయ్యాలి

మా అమ్మ టైలరింగ్ చేస్తుంది. కస్టమర్లకు చూపించడానికి బ్లౌజ్ డిజైన్ల ఫొటోలు నెట్‌లో వెతికి, నా పాత ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసి పెట్టుకుంటుంది. ఫొటో మీద రైట్ క్లిక్, తర్వాత సేవ్. ఆమెకి కావాల్సింది అంతే. కానీ వారానికి రెండుసార్లయినా ఫోన్ వచ్చేది: "సేవ్ నొక్కితే ఇంకేదో తెరుచుకుంది రా, ఇప్పుడేం చెయ్యాలి?" ఒకరోజు వీడియో కాల్‌లో ఆ స్క్రీన్ చూశాక అర్థమైంది, తప్పు ఆమెది కాదు. మెనూ చాంతాడంత ఉంది, సేవ్ ఎక్కడో మధ్యలో ఉంది. మౌస్ కొంచెం జారితే పక్క లైన్ మీద క్లిక్ పడుతోంది.

మీరూ ఓసారి లింక్ ఉన్న ఫొటో మీద రైట్ క్లిక్ చేసి లైన్లు లెక్కపెట్టండి. కొత్త ట్యాబ్, కొత్త విండో, ప్రైవేట్ విండో, లింక్ సేవ్, లింక్ కాపీ, ఫొటో సేవ్, ఫొటో కాపీ, ఫొటో అడ్రస్ కాపీ, ఇన్‌స్పెక్ట్... వీటికి తోడు మీరు వేసుకున్న ఎక్స్‌టెన్షన్ల లైన్లు. గత నెలలో ఇందులో ఎన్ని వాడారు? నేనైతే నాలుగే.

"వాడకపోతే వదిలెయ్, అవేమైనా అడ్డమా?" అన్నాడు ఆఫీసులో ఫ్రెండ్. అడ్డమే. ఈ మెనూని ఎవరూ రోజూ చదవరు, చెయ్యి అలవాటు మీద వెళ్లిపోతుంది. పైన ఒక కొత్త లైన్ చేరితే కింద ఉన్నవన్నీ ఒక మెట్టు దిగుతాయి. అలవాటైన చోట వేరేది ఉంటుంది.

మరి కంపెనీలు ఎందుకు పెంచుకుంటూ పోతాయి? కొత్త ఫీచర్‌ని సెట్టింగ్స్‌లో పెడితే ఎవరూ చూడరు, రైట్ క్లిక్‌లో పెడితే అందరికీ కనిపిస్తుంది. క్రోమ్‌లో గూగుల్ లెన్స్, ఫైర్‌ఫాక్స్‌లో ఏఐ చాట్‌బాట్ అలా వచ్చినవే అని నా అభిప్రాయం. ఫీచర్లు చెడ్డవని అనట్లేదు, ట్రాన్స్‌లేట్ నేనూ వాడతాను. లోపలికి రావడానికి దారి ఉంది, బయటికి పంపడానికే లేదు. నా కంప్లైంట్ అదే.

క్రోమ్ సంగతి చూడండి. మెనూలో బ్రౌజర్ సొంత లైన్లను ఏరి తీసేసే సెట్టింగ్ లేదు. ఎక్స్‌టెన్షన్‌తో చేద్దామన్నా కుదరదు. ఎక్స్‌టెన్షన్ తన లైన్‌ని జోడించుకోగలదు కానీ, బ్రౌజర్ పెట్టిన దాన్ని తీసెయ్యలేదు.

ఫైర్‌ఫాక్స్‌లో దారి ఉంది, కానీ అది దొడ్డిదారి. ఎబౌట్:కాన్ఫిగ్ తెరిచి బ్రౌజర్.ఎంఎల్.చాట్.మెనూ అన్నదాన్ని ఫాల్స్ చేస్తే చాట్‌బాట్ లైన్ పోతుంది. మిగతావాటికి ప్రొఫైల్ ఫోల్డర్‌లో క్రోమ్ అనే ఫోల్డర్ చేసి, అందులో యూజర్‌క్రోమ్.సీఎస్‌ఎస్ ఫైల్ పెట్టి, వద్దనుకున్న ప్రతి లైన్ ఐడీకి డిస్‌ప్లే నన్ అని రాయాలి. 2019లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 69 నుంచి ఈ ఫైల్‌ని బ్రౌజర్ డిఫాల్ట్‌గా చదవదు, ఎబౌట్:కాన్ఫిగ్‌లో ఇంకో సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. ఆ సెట్టింగ్ పేరులోనే 'లెగసీ' అని ఉంటుంది. పైగా అప్‌డేట్‌లో ఐడీ మారితే మళ్లీ మొదటికి. బీటెక్ చదివిన నాకు ఇది సరదా. అమ్మకి చెప్పమంటారా?

సరిగ్గా చేసింది వివాల్డీ. సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్ కింద మెనూ కస్టమైజేషన్ ఉంటుంది. ఏ మెనూ కావాలో ఎంచుకుని, వద్దనుకున్నవి తీసెయ్యొచ్చు, కావాల్సినవి పైకి లాక్కోవచ్చు. ఏదైనా పాడైతే రీసెట్ ఉంది. ఒక్క లైన్ కోడ్ అక్కర్లేదు. అమ్మ ల్యాప్‌టాప్‌లో ఇదే వేసి, ఫొటో మెనూలో సేవ్‌ని అన్నిటికన్నా పైన పెట్టి, ఆమె వాడనివన్నీ తీసేశాను. ఆ ఫోన్లు ఆగిపోయాయి.

"జనం ఏదో తీసేసుకుని, తర్వాత కనబడట్లేదని గొడవ చేస్తారు" అని బ్రౌజర్ తయారుచేసేవాళ్లు అనొచ్చు. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా ఆ భయం నాకూ తెలుసు. కానీ ఫైర్‌ఫాక్స్ టూల్‌బార్‌నే చూడండి. బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే 'టూల్‌బార్ నుంచి తీసెయ్' అని వస్తుంది, కావాలంటే కస్టమైజ్‌లోకి వెళ్లి తిరిగి తెచ్చుకోవచ్చు. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. బటన్లకు ఇచ్చిన హక్కు మెనూ లైన్లకు ఎందుకివ్వరు?

ఏది చెత్త, ఏది అవసరం అన్నది మనిషిని బట్టి మారుతుంది. ఇన్‌స్పెక్ట్ లేకపోతే నాకు రోజు గడవదు, అమ్మకి అది ఎందుకుందో కూడా తెలియదు. ఇద్దరికీ సరిపోయే ఒకే మెనూని ఏ కంపెనీ తయారుచెయ్యలేదు. అందుకే నేనడిగేది చిన్నది: కొత్త లైన్ పెట్టిన ప్రతిసారీ, దాన్ని దాచే ఆప్షన్ కూడా అదే అప్‌డేట్‌లో ఇవ్వండి. అప్పటిదాకా మీ ఇంట్లో ఎవరైనా మెనూలో తడబడుతుంటే, వాళ్ల మీద విసుక్కునే ముందు ఆ మెనూని ఒకసారి చూడండి.