దేహమను పొయ్యి – దాని వంటచెఱకు

పొయ్యిలో వంటచెఱకు మండునట్లే దేహమునందు ఆహారము ఆమ్లజనితో గూడి మెల్లగా దహింపబడుచున్నదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు లవాజియే 18వ శతాబ్దమున తెలియజేసెను. ఈ వంటచెఱకు ముఖ్యముగా రెండు విధములు. అన్నము, రొట్టె మొదలగు పిండిపదార్థములవలన గలుగు చక్కెర యొకటి, క్రొవ్వు రెండవది. గ్రామునకు మొదటిది సుమారు 4 కెలోరీల శక్తిని, రెండవది 9 కెలోరీల శక్తిని ఒసగును. పెద్దవాని కండరములందు సుమారు 400 గ్రాములు, కాలేయమునందు సుమారు 100 గ్రాములు మాత్రమే చక్కెర నిలువయుండును. క్రొవ్వు సన్ననివానియందును కిలోగ్రాములకొలది యుండును.

మెల్లగా నడచునపుడు క్రొవ్వు విశేషముగా మండును. వేగముగా పరుగెత్తునపుడు చక్కెర మండును. తినెడి తిండియు దీనిని మార్చును. 1939లో కోపెన్‌హేగను నగరమున క్రిస్టెన్సెన్, హాన్సెన్ అను పండితులు పరీక్షించి, కొన్నిదినములు పిండిపదార్థములు హెచ్చుగా తిన్నవారు, క్రొవ్వు హెచ్చుగా తిన్నప్పటికంటె చాలసేపు కఠినశ్రమకు ఓర్వగలిగిరని కనుగొనిరి. దేహపు కూర్పును గణింపదగినదే. విశ్రాంతివేళ సయితము కండరము తనతో సమానమైన తూకముగల క్రొవ్వుకంటె సుమారు మూడురెట్లు శక్తిని వ్యయించును. కావున త్రాసు చూపు బరువొక్కటే ఆరోగ్యమునకు గురుతు కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది అభ్యాసము. నిత్యము వ్యాయామము చేయువాడు అదే వేగమున పరుగెత్తుచు, అభ్యాసము లేనివానికంటె క్రొవ్వును ఎక్కువగా వాడుకొని, కొలదిపాటి చక్కెరను పొదుపుచేయును. అందువలన ఆలస్యముగా అలయును. ఈ శక్తి ఒకదినమున రాదు. కొన్ని వారములు మానినచో తగ్గిపోవును.

ఇట్లుండగా అనేక పాఠశాలలలో జరుగుచున్నదేమి? పరీక్షలు సమీపింపగనే పదవతరగతివారి వ్యాయామపు గంట లెక్కలపాలగును. ఆటలపండుగకు పదిదినములు ముందుమాత్రము, ఉదయమున ఏమియు తినని పిల్లలను ఎండలో పరుగెత్తింతురు. ఇది ఖాళీపొయ్యిని ఊదుటయే గదా! పందెమున బహుమానము దొరకిన దొరకవచ్చును గాని దేహమునకు మేలు కలుగదు.

“ఆటలు కూడుపెట్టునా?” యని కొందఱు తల్లిదండ్రులు అడుగుదురు. కూడు పెట్టకపోవచ్చును, తిన్న కూటిని దేహమునకు సద్వినియోగపఱచునది మాత్రము వ్యాయామమే. చదువునకై దానిని మాన్పించుట, పంటకై ఎద్దును పస్తుంచుటవంటిది.

కావున ఉపాధ్యాయులకు నా మనవి: ఏ పరీక్ష వచ్చినను దినమునకొక్క వ్యాయామపు గంటను ముట్టకుడు. తల్లులారా, చద్దియన్నమైనను, జొన్నరొట్టెయైనను, కొంచెము పప్పో మజ్జిగయో చేర్చి, పెట్టి పంపుడు. విద్యార్థులారా, లావుగానున్న తోటివానిని గేలిచేయక, చేయిపట్టి ఆటస్థలమునకు తోడ్కొనిపొండు. దేవుడు మనకు అప్పగించిన ఈ దేహమును ఏడాదికొక పండుగనాడుగాక, అనుదినము ఆదరింపవలెను.