పాలు లేని పాస్తా బారి వాళ్లకు కొత్త కాదు

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా పాస్తా అంటే మెనూ కార్డులో రెండు రంగులు: వైట్ సాస్, రెడ్ సాస్. రెండూ కలిపితే పింక్. అన్నిటి మీదా చీజ్ తురుము. ఈ రుచికి అలవాటుపడ్డవాళ్ల ముందు పాలు, వెన్న, చీజ్ ఏవీ లేని ఆకుకూర పాస్తా పెడితే ‘పథ్యమా?’ అంటారు. వీగన్ వంటలవాళ్లేమో ఆ మాటకు జడిసి జీడిపప్పు నానబోసి, రుబ్బి, దొంగ క్రీమ్ ఒకటి తయారుచేస్తారు. పైకి ఎడమొహం పెడమొహంగా ఉన్నా ఇద్దరి నమ్మకమూ ఒక్కటే. పాలపదార్థమో దాని నకలో లేకపోతే పాస్తాకు దిక్కులేదని.

ఇటలీ బూటుకు మడమలా ఉండే పుల్యా ప్రాంతం ఈ నమ్మకాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు.

అక్కడి బారి నగరం పాతబస్తీలో, ఆర్కో బాస్సో దగ్గర, ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని పాస్తా చేస్తుంటారు. పిండిని తాడులా పాముతారు, గోరంత ముక్కలు కోస్తారు, మొండి కత్తితో లాగి బొటనవేలి మీద తిరగేస్తారు. చిన్న చెవుల్లాంటి ఒరెక్కియెత్తె రాలిపడతాయి. ఆ పిండిలో ఉన్నవి రెండే: డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లు. గుడ్డు కలపడం ఎక్కువగా బొలోన్యా వైపు అలవాటు. ఎండు పాస్తాకు డ్యూరమ్ రవ్వే వాడాలని ఇటలీ 1967లో చట్టమే చేసింది.

ఈ చెవులకు జోడీ చీమె ది రాపా. ఆవ కుటుంబానికి చెందిన చేదు ఆకుకూర, మొగ్గలతో సహా వండుతారు. ఉప్పేసిన ఎసట్లో ముందు ఆకు, అది కాస్త మగ్గాక అదే నీళ్లలో పాస్తా. పక్కన బాణలిలో ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిరప. అసలు కీలకం గంజి. అందులోని పిండిపదార్థం నూనెనూ నీళ్లనూ విడిపోనివ్వదు. ఓ గరిటెడు గంజి పోసి బాణలిని ఎగరేస్తూ కలిపితే పాస్తాకు నిగనిగలాడే పూత పడుతుంది. క్రీమ్ చేయాల్సిన పని అప్పుడే అయిపోయింది. మన ఇళ్లలోనేమో ఆ గంజిని సింకులో పారబోసి, పాస్తాను చన్నీళ్లతో కడిగి, తర్వాత జిగురు కోసం మైదా, పాలు వెతుక్కుంటారు.

చీజ్ తురుము ఉండాల్సిన చోట కూడా అక్కడివాళ్లు ఖాళీ వదల్లేదు. నిలవ బ్రెడ్‌ను పొడిచేసి, నూనెలో ఎర్రగా వేయించి చల్లుతారు. చీజ్ కొనలేని ఇళ్ల ఉపాయం అది. సిసిలీలో మార్చి 19న, సెయింట్ జోసెఫ్ పండుగ నాడు, ఈ పొడి చల్లిన పాస్తా తింటారు. ఆయన వడ్రంగి కదా, అది రంపపు పొట్టుకు గుర్తట.

బారిలో చాలామంది ఈ వంటలో ఆంచోవీ చేప వేస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, వేస్తారు. ఉప్పదనం కోసం ఒకటి రెండు ముక్కలు, నూనెలో కరిగిపోతాయి. మానేసినా వంట చెడదు. చీజ్ మీద వాళ్లకు పగా లేదు, టమాటా సాస్‌తో చేసిన ఒరెక్కియెత్తె మీద కాచోరికోత్తా తురుముతారు. తమాషా ఏమిటంటే, అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్ చేసేటప్పుడు పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్టే వాడాలని నిబంధన. శాకాహారమని చెప్పి దాన్ని తురుముకునేవాళ్లు, అది లేని పాస్తాను చూసి పెదవి విరుస్తారు!

చీమె ది రాపా మన రైతు బజార్లలో కనిపించదు. తోటకూరో పాలకూరో వేస్తే చప్పబడుతుంది, ఈ వంటకు చిరుచేదు ఉండాలి. ఆవాకు దొరికితే సరే. లేకుంటే కూరగాయల బండి దగ్గర తుంచి పారేసే ముల్లంగి ఆకు చాలు, అదీ ఆవ కుటుంబమే. కాడలు ముందు వేయాలి, ఆకులు తర్వాత. గోంగూర వద్దు, దాని పులుపు మిగతా అన్నిటినీ మింగేస్తుంది. వెల్లుల్లిని మాత్రం పోపులోలా ఎర్రబడనివ్వకుండా, లేత బంగారు రంగు తిరగ్గానే గంజి పోసెయ్యాలి.