డ్రైవర్‌కు తెలుసు, కొడుక్కు తెలియదు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్లలో పెద్దవారి మతిమరుపు ఆఖరున తెలిసేది కన్నబిడ్డలకే. దారి డ్రైవర్ చూసుకుంటాడు. ఎవరిని ఎన్నింటికి కలవాలో మేనేజర్ గుర్తుచేస్తాడు. స్టవ్ కట్టేసేది వంటమనిషి. ఎదురొచ్చిన మనిషి పేరు అసిస్టెంట్ చెవిలో వేస్తాడు. నలుగురూ ఇలా అందుకుంటూ ఉంటే లోపల ఏం జారిపోతోందో బయటికి రాదు.

పైగా ఇది మాట మీద బతికిన పేట. నలభై ఏళ్ల కిందటి సీను అడిగితే పేజీన్నర డైలాగు గడగడా అప్పజెబుతారు. ‘మా నాన్నగారి జ్ఞాపకశక్తి చూశారా’ అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అదే నాన్నగారు పొద్దున కథ వినిపించి వెళ్లిన కుర్రాడెవరో మధ్యాహ్నానికి చెప్పలేకపోతే ‘వయసైంది కదా’ అని వదిలేస్తారు. దయచేసి వదలకండి. పాతది చెక్కుచెదరకుండా ఉండి కొత్తది అంటకపోవడం, అల్జీమర్స్ చాలామందిలో మొదలయ్యే తీరే అది.

దానికి ముందు మెట్టును డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, క్లుప్తంగా ఎంసీఐ అంటారు. స్నానం, భోజనం, రాకపోకలు సొంతంగానే సాగుతుంటాయి. జ్ఞాపకమో, లెక్కో, మాట అందడమో వయసుకు మించి తగ్గుతుంది. స్పెషలిస్టుల దగ్గరికి వచ్చినవారిలో ఏటా నూటికి 10 నుంచి 15 మంది డిమెన్షియాలోకి, అంటే రోజువారీ పనులు కూడా సొంతంగా సాగని స్థితిలోకి, జారతారు. కొందరు అక్కడే ఆగుతారు, కొందరు తిరిగి మామూలవుతారు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అంచనా.

తొందర ఎందుకంటే, అన్ని మతిమరుపులూ అల్జీమర్స్ కావు. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, దిగులు పట్టుకున్నా, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతున్నా మెదడు మొద్దుబారుతుంది. బాత్రూంలో జారిపడి ‘ఏం కాలేదులే’ అనుకున్న దెబ్బకు పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి, కొన్ని వారాల తర్వాత తికమకగా బయటపడవచ్చు. మందుల షాపులో అలవాటుగా కొనే నిద్రమాత్ర కూడా ఆ పని చేస్తుంది. వీటికి వైద్యం ఉంది, కాలయాపన చేస్తే చేజారుతుంది. చెవుడు సంగతీ అంతే. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు సంబంధించి మన చేతిలో ఉన్నవిగా గుర్తించిన 14 ముప్పుల్లో వినికిడి లోపం ఒకటి. ఏళ్ల తరబడి డబ్బింగ్ థియేటర్లలో పనిచేసిన మనిషి చెవి మిషన్ పెట్టుకోవడానికి మొహమాటపడటం చూస్తే బాధేస్తుంది.

రెండో తొందర సంతకాలది. డబ్బు లెక్కల్లో తడబాటు చాలా ముందే మొదలవుతుంది. జూబ్లీహిల్స్‌లో ఒక్క ప్లాటు కోట్లు పలుకుతుంది. ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించే ఫోన్లు ఏరికోరి పెద్దవాళ్లకే వస్తున్నాయి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. చూసుకుంటామని రాయించుకుని చూడనివారి దస్తావేజును రద్దు చేయడానికి 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది, కానీ ఆ వయసులో ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సిన గతి ఎవరికీ పట్టకూడదు. ఎంసీఐ ఉందని తేలినంత మాత్రాన సంతకం పెట్టే హక్కు పోదు. ఆ పేరు చెప్పి తండ్రి చెక్‌బుక్ లాక్కునే కొడుకులకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

అలాగని వీధి వీధినా క్యాంపు పెట్టి ప్రశ్నపత్రాలు పంచమని అనడం లేదు. ఏ లక్షణమూ లేని పెద్దలందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష చేయాలనడానికీ, వద్దనడానికీ తగిన ఆధారాలు లేవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2020లో తేల్చింది. మార్పు కనబడిన ప్రతివారికీ, కనబడిన వెంటనే, సరైన పరీక్ష జరగాలి. సరైన అనే మాట ముఖ్యం. 100 నుంచి ఏడేసి తీసేయమంటారు: 93, 86, 79. గడియారం గీసి పదకొండూ పది చూపించమంటారు. పెన్సిలే పట్టని కృష్ణానగర్ లైట్‌మన్ అక్కడ తడబడితే అది జబ్బు కాకపోవచ్చు, బడికి పోకపోవడం కావచ్చు. అదే పరీక్షలో చదువుకున్న రచయిత 30కి 28 తెచ్చుకుని, లోలోపల దిగజారిపోతూ ఉండవచ్చు. ఇద్దరికీ ఒకే కటాఫ్ పెట్టడం ఇద్దరికీ అన్యాయం.

ఈ విషయంలో మనకు దూరాభారం లేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు కొద్ది కిలోమీటర్లలోనే పంజాగుట్ట నిమ్స్ ఉంది. అక్కడ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితం ప్రపంచమంతా చదివింది: ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివారిలో కూడా. మద్రాసు నుంచి తరలివచ్చి తెలుగు, తమిళం, హిందీ కలిపి మాట్లాడే మన సినిమావాళ్లు దీన్ని భరోసాగా తీసుకోకూడదు. ఆలస్యంగా రావడం రాకపోవడం కాదు. చదువుకు, భాషకు తగ్గట్టు ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల సంపుటి ఉన్న ఐదు భాషల్లో తెలుగు ఒకటి. తెలుగులోనే పరీక్షించమని అడగండి.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, చీటీ లేకుండా కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. కళ్లజోడు, చెవి మిషన్ మరవకండి. డ్రైవర్‌నో వంటమనిషినో లోపలికి పిలిచి, ఆర్నెల్లుగా ఏం గమనించారో డాక్టర్‌కు వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి, తర్వాత వాళ్ల మీద కోప్పడకండి. తొలిసారి అంతా బాగుందని తేలినా, అనుమానం తీరకపోతే ఆరు నెలల నుంచి ఏడాది లోపు మళ్లీ చూపించండి. అద్దెగదిలో ఒంటరిగా ఉంటున్న పాత జూనియర్ ఆర్టిస్టుకు ఆ నలుగురు మనుషులుండరు. అలాంటివారు మీకు తెలిస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు వాళ్ల తరఫున మీరే ఫోన్ చేయండి.